వెనక బెంచీ ఫెబా

చిలకలూరిపేట డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే హయాత్ గారు, సిలబస్ ముందుకు సాగడం లేదని నెట్‌లో ఒక గ్రూపు పెట్టారు. పొద్దున క్లాసులో పాఠం, సాయంత్రం గ్రూపులో సందేహాలు. రెండో ఏడాది చదివే ఫెబా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ వింటుంది తప్ప నోరు విప్పదు. కాలేజీ అవగానే మాత్రం బస్టాండు ఎదుట నెట్ సెంటర్లో దూరి, పత్తి మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూదిని కీబోర్డు మీంచి ఊదేసి, రెండు వేళ్లతోనే టకటకా కొడుతుంది. "ఈ స్టెప్పు ఎలా వచ్చిందో చెప్పలేదండి" అని సార్‌తోనే వాదన పెట్టుకుంటుంది. ఇంటికెళ్లే పర్చూరు బస్సు హారన్ కొట్టేదాకా కుర్చీ వదలదు.

పరీక్షలు రేపనగా, రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగి ఊళ్లో నెట్ పోయింది. ఫెబాకి ఒక లెక్క తేలలేదు. చివరి క్లాసులో హయాత్ గారు బోర్డు తుడవబోతుంటే, చున్నీ కొస వదిలేసి లేచి నిలబడింది.

"సార్, మూడో స్టెప్పు అర్థం కాలేదండి."

ఆయన వెనక్కి తిరిగారు. "ఫెబా అంటే నువ్వేనామ్మా? రోజూ నాతో పోట్లాడేది నువ్వా!"

క్లాసంతా గొల్లున నవ్వి ఆమె వైపు తిరిగింది. పక్కనున్న రిహానా "కూర్చోవే" అని చెయ్యి లాగింది. ఫెబా చెవులు ఎర్రబడ్డాయి కానీ కూర్చోలేదు.

"నెట్‌లో అయితే ఇలా ఎవరూ తిరిగి చూడరండి" అంది.

"చూడనీ. ఇంతకీ ఆ స్టెప్పు మీలో ఎవరు చెప్తారర్రా?" అన్నారాయన. నవ్వు ఆగిపోయింది. ఒక్క చెయ్యీ పైకి లేవలేదు.