మిల్లు ఆగిన శుక్రవారం

నా చిన్నప్పుడు శుక్రవారం వచ్చిందంటే నాకు కడుపునొప్పి వచ్చేది. మా నాయనమ్మ వాము నమిలించి, దిష్టి తీసి, చివరికి బడికి తరిమేది. శుక్రవారం మధ్యాహ్నం మా నాలుగో తరగతికి డ్రిల్లు పీరియడ్. మిగతా పిల్లలు దానికోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళు. నాకు మాత్రం ఆ రోజు వాన పడితే బాగుండునని ఉండేది.

నాకు నత్తి. ఇంట్లో వస కొమ్ము అరగదీసి తేనెతో నాకించని రోజు లేదు. నాలుక ఆ ఘాటుకు అలవాటు పడిపోయింది గానీ మాట మాత్రం రాలేదు. తరగతిలో ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. పాఠం అప్పజెప్పమంటే తల వంచుకునేదాన్ని, మొద్దు పిల్ల అని వదిలేసేవారు. డ్రిల్లులో అలా కుదరదు. పొట్టివాళ్ళ నుంచి పొడుగువాళ్ళ దాకా వరసగా నిలబడి, ఎవరి అంకె వాళ్ళు గట్టిగా చెప్పాలి. ఎక్కడ ఎవరు తడబడినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. లెక్క చివరిదాకా సాఫీగా వెళ్తేనే మా డ్రిల్లు మాస్టారు సంచిలోంచి బంతి తీసేవారు.

నా ఎత్తుకు నాకు దక్కిన అంకె పది. పెదవులు కలిపి మొదలుపెట్టాల్సిన మాట ఏదైనా నాకు గండమే. ఒకసారి మూసుకున్నాయంటే ఇక తెరుచుకునేవి కావు. ఏడు, ఎనిమిది అంటూ లెక్క నా వైపు నడిచి వస్తుంటే పారిపోయే దారి కనిపించేది కాదు. అటు తొమ్మిది, ఇటు పదకొండు, ఎదురుగా మాస్టారు. నేను ఆగిపోయేదాన్ని, అందరూ నా నోటికేసి చూసేవాళ్ళు, లెక్క మళ్ళీ మొదలయ్యేది. అలా చాలా శుక్రవారాలు బంతి సంచిలోనే ఉండిపోయింది. బడి వదిలాక కాలవగట్టు మీద నాతో ఎవరూ కలిసి నడిచేవాళ్ళు కాదు. "శుక్రవారం నువ్వు రాకే, మేం ఆడుకోవాలి" అని ఒక పిల్ల మొహం మీదే అనేసింది. అసలు బడే మానేద్దామని అప్పుడే అనుకున్నాను.

అంతలో నాకో ఉపాయం తోచింది. ఎనిమిది అయితే కాస్త తేలిగ్గా పలుకుతుంది. అందుకని పరికిణీ లోపల మోకాళ్ళు వంచి, పొట్టిదాన్నైపోయి, వరసలో ముందుకు జరిగాను. తీరా నా వంతు వచ్చేసరికి ఆ ఎనిమిది కూడా గొంతులోనే ఇరుక్కుంది. మాస్టారు వచ్చి నా ఎదురుగా ఆగారు. నేల ఊడుస్తున్న నా పరికిణీ అంచు చూశారు. అందరి ముందూ నా గుట్టు బయటపెడతారని బిగుసుకుపోయాను.

ఆయన గోడ అవతల రొద పెడుతున్న రైస్ మిల్లు వైపు తిరిగారు. "ఈ మిల్లు గోలలో మీ గొంతులు నాకు వినబడట్లేదర్రా. ఇవాళ్టి నుంచి ఒక్కో అంకెకీ పక్కవాళ్ళు కూడా గొంతు కలపండి" అన్నారు. తర్వాత మెల్లగా, "నీ చోటుకెళ్ళి నిలబడమ్మా" అన్నారు.

నా పక్కన పదకొండో పిల్ల వాళ్ళమ్మ ఊరంతా తిరిగి చేపలు అమ్మేది. ఆ తల్లి గొంతే ఈ పిల్లకీ వచ్చింది. తను పది అని అరిచేసరికి, ఆ గొంతు చెయ్యి పట్టుకున్నట్టు నా గొంతు కూడా బయటికొచ్చేసింది. ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ రోజు బంతి బయటికొచ్చింది. తర్వాతి శుక్రవారాల్లో కూడా వచ్చింది. అయినా నా భయం పోలేదు. ఆ మిల్లు ఆడినన్నాళ్ళే నా బతుకు అనుకునేదాన్ని.

ఒక శుక్రవారం కరెంటు పోయి మిల్లు ఆగిపోయింది. అంత నిశ్శబ్దం మా బళ్ళో నేనెప్పుడూ వినలేదు. పాత గండం మళ్ళీ చుట్టుకుందని పెదవులు బిగుసుకుపోయాయి. వరసలో మొదటి పిల్లాడు హుషారుగా, "మాస్టారండీ, మిల్లు ఆగిపోయిందండి. ఎవరిది వాళ్ళం చెప్పెయ్యమంటారా అండీ?" అన్నాడు.

మాస్టారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఏంటీ? వినబడట్లేదురా. ఇద్దరేసి చెప్పండి."

పిల్లలు నవ్వారు. మాస్టారికి చెవుడు వచ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు కూడా. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, పక్క పిల్లతో కలిసి, పది అన్నాను.

నత్తి నన్ను పూర్తిగా వదల్లేదు. ఇప్పటికీ ఫోన్లో ఎవరైనా పేరు అడిగితే పెదవులు అతుక్కుపోతాయి. కానీ నా ఎదుట ఎవరికైనా మాట ఇరుక్కుంటే మాత్రం, "నాకు సరిగ్గా వినబడదు నాయనా, తొందరేం లేదు, నిదానంగా చెప్పు" అంటాను. ఇది చూసి చూసి మా మనవరాలు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని పట్టుబడుతోంది. నా చెవులకు ఏమీ కాలేదు.