ఆఖరి పేజీ సూపెట్టు

ఆ శుక్రవారం పొద్దున నేను పనికి బయలుదేరుతుంటే కోరుట్ల నుంచి అక్క ఫోన్ చేసింది. "అమ్మ పోయిందే" అని, "నిన్న గూడ నీ పుస్తకం సంగతే అడిగింది" అంది. టిఫిన్ డబ్బా పక్కన పెట్టి గుమ్మంలోనే కూర్చున్నాను.

పోయింది మా పక్కింటి పెద్దమ్మ. ఫోన్ చేసింది ఆమె కూతురు. మాకూ వాళ్లకూ చుట్టరికం ఏమీ లేదు, రెండిళ్లకూ ఒకటే గోడ. కానీ కథలు, పాటలు, బొమ్మల సినిమాలు నాకు ఆమె అరుగు మీదే పరిచయమయ్యాయి. ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. తొమ్మిదేళ్ల వయసులో ఆమెకు నేనొక అబద్ధం చెప్పాను. దాన్ని సరిచేసే పని మొన్నటిదాకా మిగిలిపోయింది.

పెద్దమ్మ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, ఎర్రదారం. ఆమె భర్త, మా పెద్దబాపు, మస్కట్‌లో ఉండేవాడు. ఆయన పంపిన టీవీ, టేప్ రికార్డర్ వాళ్లింటి ముందు గదిలో ఉండేవి కాబట్టి మా వాడకట్టు పిల్లలందరికీ ఆదివారం అంటే ఆ గదే. అయితే ఊరికే టీవీ ముందు కూర్చోనిచ్చేది కాదు. ఎవరో ఒకరు ముందుగా అరుగు మీద కూర్చుని ఆమెకు పుస్తకం చదివి వినిపించాలి. ఆమెకు అక్షరం ముక్క రాదు. "నా చేతులు ఖాళీ లెవ్వు గని చెవులు ఖాళీగనే ఉన్నయ్. సదువు" అనేది. నాది కొంచెం గట్టి గొంతు. ఆ ఉద్యోగం ఎక్కువగా నాకే పడేది.

చదవడం అయ్యాక టీవీ. అప్పట్లో మాకు ప్రాణం ఒక నక్క కార్టూన్. ఆ నక్క వారానికోసారి తన తోక ఎక్కడో పోగొట్టుకుని ఊరంతా వెతికేది. మాకంటే పెద్దమ్మే ఎక్కువ నవ్వేది. "గీ నక్కకు సిగ్గు లేదే, మళ్ల పోగొట్టుకున్నది!" అని చాట పక్కన పెట్టి కళ్లు తుడుచుకునేది. పాటల విషయంలో మాత్రం చండశాసనురాలు. క్యాసెట్ పెడితే ఆ వైపు మొత్తం అయిపోయి మీట టక్కుమని తనంతట తాను పైకి లేచేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. "సగం పాటల ఆపితే పాడేటోళ్ల మనసు నొస్తది" అనేది. వాళ్లు మనకు కనబడరు కదా పెద్దమ్మా అంటే, "కనవడకుంటే మనుషులు కాదా?" అని ఎదురు ప్రశ్న.

ఇక ఆ పుస్తకం. బస్టాండు దగ్గర గోనెసంచి పరిచి అమ్మే పాత పుస్తకాల్లోంచి, లోపలి బొమ్మలు చూసి, తనే ఏరి తెచ్చింది. అట్ట లేదు. కథ పేరు లేదు, రాసినవాళ్ల పేరు లేదు. తప్పిపోయిన మేకపిల్ల కోసం ఒంటరిగా వాగు దాటి పోయిన ఒక ఆడపిల్ల కథ అది. వానాకాలమంతా కొంచెం కొంచెంగా చదివాను. ఒక ఆదివారం, పిల్లకు మేకపిల్ల దొరికి, దాన్ని ఎత్తుకుని తిరిగి ఒడ్డుకు వచ్చే చోటు దాకా వచ్చాం. చూస్తే వాగు పొంగి ఉంది. అవతల ఒడ్డున వాళ్ల ఊరు కనబడుతోంది. పెద్దమ్మ చేతిలోని ఆకు చేతిలోనే ఆగిపోయింది. ఇంకా ఆరేడు పేజీలున్నాయి. సరిగ్గా అప్పుడే లోపల నక్క పాట మొదలైంది.

"పిల్ల వాగు దాటి ఇల్లు చేరింది. అయిపోయింది" అని టపీమని పుస్తకం మూసేశాను.

"చేరిందా! మంచిగైంది బిడ్డా" అని ఆమె వదిలిన నిట్టూర్పు నాకింకా వినబడుతూనే ఉంది. మస్కట్‌లో ఉన్న మనిషి ఎప్పుడు వస్తాడో తెలియని ఇంట్లో, కథలో పిల్ల ఇల్లు చేరడం చిన్న సంగతి కాదు. అదంతా నాకెందుకు తెలుస్తుంది? నేను నక్క దగ్గరికి ఉరికాను.

మర్నాడు వాన. బీడీ కట్టలు కార్ఖానాలో అప్పజెప్పే వేళైంది. గంపలో కట్టలు తడవకుండా కప్పడానికి ఆమెకు కాగితాలు కావలసి వచ్చాయి. కథ అయిపోయిందని నేనే చెప్పాను కదా, ఇక మిగిలినవి పనికిరాని కాగితాలే అనుకుని ఆ చివరి పేజీలు చింపేసింది. రెండు రోజులకు నేను దొంగచాటుగా మిగతా కథ చదువుకుందామని పుస్తకం తెరిస్తే అక్కడ కుట్టు దారం తప్ప ఏమీ లేదు. అరుగు మీదే ఏడ్చేశాను. ఏమైందని అడిగితే నిజం చెప్పక తప్పలేదు.

కొట్టలేదు, తిట్టలేదు. నన్ను చెయ్యి పట్టుకుని కార్ఖానాకు తీసుకుపోయింది. ఆ కాగితాలు అప్పటికే ఊడ్చేశారు. ఇంటి దగ్గరికి వచ్చాక అంది: "ఆఖర్ల ఏదో బొమ్మ ఉండెనే. కట్టలు తడుస్తున్నయని మంచిగ సూడకపోతి." అరుగు ఎక్కుతూ, "అయితే గా పిల్ల ఇంకా గా ఒడ్డు మీదనే ఉన్నది" అంది.

"నేను చెప్త పెద్దమ్మా, ఎట్ల చేరిందో" అన్నాను, ఎలాగైనా ఆమెను నవ్వించాలని.

"నీ మాట ఒకసారి ఇన్న. ఇంక పేజీ సూస్తెనే నమ్ముత. గా పుస్తకం దొరకవట్టుడే."

ఆ రోజు నుంచి ఆ అరుగు మీద ఒక కొత్త చట్టం వచ్చింది. ఏ పుస్తకం అయిపోయిందన్నా "ఆఖరి పేజీ సూపెట్టు" అనేది. అక్షరాలు రాకపోయినా కింద ఖాళీ జాగా ఉందో లేదో చూసి, వెనక ఇంకో కాగితం లేదని తడిమి, అప్పుడు తంబాకు అంటిన బొటనవేలు ఆ పేజీ మీద అద్దేది. ఆ గోధుమరంగు ముద్ర పడితేనే కథ ముగిసినట్టు. మా వాడకట్టు పిల్లల పుస్తకాలన్నిటికీ ఆ ముద్రలుండేవి. బడిలో మా సారు చూసి ఇదేం మరకని అడిగితే మా పెద్దమ్మ సంతకమని చెప్పాను.

ఒకసారి మమ్మల్ని నలుగురిని బస్సెక్కించి జగిత్యాలకు పిల్లల సినిమాకు తీసుకుపోయింది. సినిమా అయి జనమంతా లేచినా ఆమె లేవలేదు. తెర మీద ఇంకా పేర్లు పోతున్నాయి. "అమ్మా, అయిపోయింది, లేవుండ్రి" అన్నాడు గేటు దగ్గరి మనిషి. "అక్షరాలు పోతనే ఉన్నయ్ గద, ఎట్ల అయిపోయింది?" అని కూర్చుంది. తెర తెల్లబడ్డాకే లేచాం. అక్కడి నుంచి పాత పుస్తకాల దుకాణాలు. పేరు తెలియని పుస్తకం అడిగితే ఎవరైనా నవ్వుతారు కదా. "పేరు లేకుంట ఎట్ల దొర్కుతదమ్మా?" అన్నాడొకాయన. "కథ జెప్త, ఇను" అని ఆమె దుకాణం మెట్టు మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పింది. ఆయన పని ఆపేసి విన్నాడు. విని, "తర్వాత ఏమైంది?" అన్నాడు.

"గదే కదనయ్యా నేను నిన్నడిగేది!"

అలా ఎన్నేళ్లు తిరిగిందో. ఏ ఊరు పెళ్లికి పోయినా, ధర్మపురికి దేవుని దగ్గరికి పోయినా, పుస్తకాలమ్మే చోటు కనబడితే ఆగేది. పెద్దబాపు మస్కట్ నుంచి పూర్తిగా తిరిగి వచ్చేసిన రోజు ఇల్లంతా చుట్టాలు. ఆ సందట్లో నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "గీయనైతే ఇల్లు జేరిండు. ఇగ గా పిల్ల సంగతి తేలాలె."

నాకు పెళ్లయి సిరిసిల్లకు వచ్చాను. రెడీమేడ్ బట్టలు కుట్టే యూనిట్‌లో మిషన్ మీద పని. కోరుట్లకు పోయినప్పుడల్లా ఆమె మొదటి ప్రశ్న నా ఆరోగ్యం కాదు, "దొరికిందా?" అని. దొరకలేదన్నప్పుడల్లా "దొర్కుతదిలే, ఎటు పోతది" అనేది. నాకు ఆశ పోయినా ఆమెకు పోలేదు.

ఈ వానాకాలం చివర్లో దొరికింది. పాత పేపర్లు తూకానికి కొనే దుకాణంలో, మా అబ్బాయి పాత నోటు పుస్తకాలు వేయడానికి పోతే, బస్తాలోంచి ఒక బొమ్మ కనబడింది. మేకపిల్ల వెనకాల వాగులోకి దిగుతున్న పిల్ల. అదే పుస్తకం, ఇంకో ప్రతి. దీనికి అట్ట ఉంది, వెనక అట్టా ఉంది. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"ఆఖరి పేజీ ఉన్నదా?" అంది.

"ఒక్క కాగితం గూడ ఊడలె పెద్దమ్మా."

"నువ్వు సూసినవా?"

"సూడలె. నీ తోటే సూస్త."

"సూడకు మరి. ఆదివారం రా."

చూడకుండా ఉండగలనని నాకే నమ్మకం లేదు. ఇంటికి రాగానే సూదీ దారం తీసి, ఆ చివరి ఆరేడు పేజీల అంచులు కలిపి కచ్చా కుట్టు వేసేశాను. ఆ ఆదివారం పోలేదు. బడి యూనిఫారాల ఆర్డరు, సెలవు లేదన్నారు. తర్వాతి ఆదివారం అబ్బాయికి జ్వరం. మూడో ఆదివారం ఒట్టి బద్ధకం. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. నాలుగో ఆదివారం రాకముందే శుక్రవారం వచ్చింది. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు, నాదే. చిన్నప్పుడు నక్క కోసం ఒకసారి, పెద్దయ్యాక ఏమీ లేని దాని కోసం ఇంకోసారి, అదే మనిషిని అదే ఒడ్డు మీద నిలబెట్టాను.

పదకొండో రోజు పుస్తకం పట్టుకుని పోయాను. భోజనాలయ్యాక అక్కతో అన్నాను: "నేను అరుగు మీద కూసుండి సదువుత. ఎవలు ఇన్నా ఇనకున్నా." అక్క లేచి లోపలికి పోయి పెద్దమ్మ చాటను తెచ్చి ఆమె కూర్చునే చోట పెట్టింది. ఆ వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే చాటలతో వచ్చి చేరారు. పెద్దబాపు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కథ మొదటి నుంచీ చదివాను. మంచినీళ్లకు కూడా ఆపలేదు. సగంలో ఆపితే ఆమె ఒప్పుకోదు.

కుట్టు వేసిన చోటు వచ్చింది. పెద్దమ్మ ఆకులు కత్తిరించే కత్తెరతో అక్క ఒక్కో కుట్టూ తెంపింది. పిల్ల ఆ రాత్రి ఒడ్డునే, ఎవరిదో పాడుబడ్డ గుడిసెలో, మేకపిల్లను పొదువుకుని ఉండిపోతుంది. తెల్లవారి చూస్తే నీళ్లు కాస్త తగ్గాయి. మేకపిల్లను భుజాన వేసుకుని వాగులో అడుగు పెడుతుంది. అంతే. అక్షరాలు అక్కడికి అయిపోయాయి.

"అంతేనా? చేరిందా లేదా?" అన్నారు ఎవరో. నాకైతే ఇన్నేళ్లు వెతికింది దీనికోసమా అనిపించింది.

"ఆఖరి పేజీ సూపెట్టు" అంది అక్క, అచ్చం ఆ గొంతుతోనే.

పేజీ తిప్పాను. అందులో ఒక్క అక్షరం లేదు, పేజీ నిండా బొమ్మ. ఒక చిన్న ఇంటి గడప. గడప మీదుగా లోపలికి పోయిన తడి పాదాల గుర్తులు, చిన్నవి. వాటి పక్కనే మేకపిల్ల గిట్టల గుర్తులు. తలుపు తెరిచే ఉంది.

అందరికంటే ముందు, చదువు రాని ఒక ముసలమ్మ వంగి చూసి, "చేరిందే!" అని అరిచింది.

నేను ఏడ్చాను. ఆ రోజు పుస్తకం మూయకుండా ఈ ఒక్క కాగితం ఆమె చేతికిచ్చి ఉంటే చాలు, నా అవసరమే ఉండేది కాదు, ఆమె తనే చదువుకునేది. ఇక ఏ ఆదివారమూ వాయిదా వేయను. ఈ నాలుగు వారాలూ సిరిసిల్ల నుంచి బస్సెక్కి పోయాను, ఆ అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టి చదివించాను, వచ్చే వారమూ పోతాను.

ఆ రోజు మాత్రం అక్క పెద్దమ్మ చాటలోని తంబాకులో బొటనవేలు అద్ది, పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుని, తెరిచి ఉన్న ఆ తలుపు పక్కన, తడి పాదాల దగ్గర, గట్టిగా ఒత్తి పట్టుకుంది.