కులాసా చెప్పే కానిస్టేబులు

రాజారత్నానికి దేవుడిచ్చిన ఆస్తి ఒక్కటే, గొంతు. చిన్నతనంలో గుళ్లో కీర్తన ఎత్తుకుంటే వీధి చివర గేదెలు మేత మానేసి తలెత్తి చూసేవట. ఆ గొంతే ఆయన కొంప ముంచింది.

1944లో ఆయన మాచర్ల దాపున ఒక ఠాణాలో కానిస్టేబులు. ఏడాదికి రెండుసార్లు డిప్టీ సూపరింటెండెంటు దొరగారు తనిఖీకి వచ్చేవారు. గోడలకు సున్నం, బెల్టులకు పాలిషు అయ్యాక జవాన్లను వరసగా నిలబెట్టేవాళ్లు. దొరగారు ఆగి "అందరూ కులాసానా?" అని అడగాలి. వరసలోంచి ఒకడు "అంతా కులాసా, హుజూర్!" అని అరవాలి. ఆ అరిచే పనిని హెడ్డు పున్నారావు ఏరికోరి రాజారత్నానికి అప్పజెప్పాడు. ఇప్పటికి ఏడుసార్లు అరిచాడు. అందులో ఒక్కసారి కూడా కులాసాగా లేడు. వారంట్లు, సంతలు, తిరునాళ్లు, యుద్ధం పేరు చెప్పి అదనపు కాపలాలు. కాళ్లు వాచి బూట్లలో పట్టేవి కావు. అన్నం ముందు కూర్చునే కునుకు తీసేవాడు.

ఇంతలో పెదకూరపాడులో పుట్టింట ఉన్న భార్య సారమ్మ ఆడపిల్లను కన్నది. మూడు నెలలైనా తండ్రి బిడ్డ మొహం చూడలేదు. ఆయన రాలేదని బాప్తిస్మం రెండుసార్లు వాయిదా పడింది. ఇక పాదిరిగారు విసిగి, తండ్రి వచ్చినా రాకపోయినా వచ్చే ఆదివారం ఖాయమన్నారు. రాజారత్నం పెట్టుకున్న సెలవు అర్జీలు మూడూ సబిన్‌స్పెక్టరు నాగభూషణరావుగారి సిరాబుడ్డి కింద అణిగి ఉన్నాయి.

"ఏంది రత్నం, నీ ఒక్కడికేనా పెళ్లాంబిడ్డలు? రెండేళ్లనుంచి నాకు కడుపులో ఒకటే మంట. నేనెవరికి పెట్టుకోవాల అర్జీ?" అంటూ ఆయన సోడా తాగి తేన్చాడు. పాపం, అదీ నిజమే.

"ఈసారి కులాసా చెప్పను, జమాల్ భాయ్. దొరగారినే సెలవు అడుగుతా" అన్నాడు రాజారత్నం, తోటి కానిస్టేబులుతో.

"అడుగు తమ్ముడూ. చానా గట్టిగా అడుగు. మా అందరి తరపునా అడుగు" అన్నాడు జమాల్. తను అడుగుతానని మాత్రం అనలేదు.

రెండు రోజులపాటు బావి దగ్గర నీళ్లు చేదుతూ వల్లె వేశాడు: "హుజూర్, నా బిడ్డను చూసుకోలేదు, నాలుగు రోజులు సెలవు ఇప్పించాల."

బుధవారం దొరగారు వచ్చారు. వరస ముందు ఆగి అడిగారు. రాజారత్నం నోరు తెరిచాడు. మడమలు వాటంతటవే కలిశాయి. రొమ్ము పొంగింది.

"అంతా కులాసా, హుజూర్!"

అలవాటైన ప్రాణం, ఏం చేస్తుంది! వల్లె వేసిన మాట గొంతులోనే ఉండిపోయింది. జమాల్ కళ్లు మూసుకున్నాడు.

దొరగారు మాత్రం మురిసిపోయారు. జవాన్లు నీరసపడుతున్నారని పైనుంచి కాగితాల మీద కాగితాలు వస్తున్నాయట. "ఇంత కులాసా అయిన మనిషిని నా సబ్‌డివిజన్‌లో చూడలేదు. నా వెంట పంపండి. తక్కిన ఠాణాల వాళ్లకు నేర్పుతాడు" అని హుకుం వేశారు. ఆదివారం మకాం పెదకూరపాడు అని విన్నాక రాజారత్నం ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టుకున్నాడు. దేవుడు అడ్డదారినైనా విన్నాడనుకున్నాడు.

ఆదివారం పొద్దున పెదకూరపాడు ఠాణా ముందు వరస కట్టారు. మొగుడు వచ్చాడని తెలిసి, బాప్తిస్మానికి గుడికి పోతూ పోతూ సారమ్మ బిడ్డనెత్తుకొని గేటు దగ్గర ఆగింది. బిడ్డను జోకొడుతున్న ఆమె గొంతు పోల్చుకున్నాడు గానీ, రాజారత్నం వీపు అటుంది. మెడ తిప్పడానికి లేదు.

"ఏదీ, వీళ్లకు చూపించు" అన్నారు దొరగారు.

చూపించాడు. ఠాణా అదిరింది. గేటు దగ్గర పసిపిల్ల ఉలిక్కిపడి గుక్కపెట్టి ఏడ్చింది. తన బిడ్డ గొంతు రాజారత్నం వినడం అదే మొదటిసారి.

దొరగారు మొహం చిట్లించారు. "ఎవరి బిడ్డ అది? అవతలికి పంపండి."

"నా బిడ్డే, హుజూర్" అన్నాడు రాజారత్నం. ఆ మాట పక్కన నిలబడ్డవాడికి కూడా వినపడలేదు.