ఉప్పలమ్మ ఫోనుకొచ్చిన అంకెలు

చిట్యాలలోని మా రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ పని స్వరూపది. ఇంటర్‌తో చదువాపేసి, ఫోన్‌లో వీడియోలు చూసి అన్నీ నేర్చుకుంది. రిపోర్టు తయారవగానే దానంతటదే వరంగల్ దవాఖానకు మెయిల్ వెళ్లే ఏర్పాటు ఆమె చేసిందే. రక్తం తీయడం తప్ప ఇంకేమీ రాని నాకు అది ఇప్పటికీ వింతే.

ఆ మధ్య ఒక మంగళవారం ఆ ఏర్పాటు మొరాయించింది. పాస్‌వర్డ్ చెల్లదంటుంది. బెంచీ మీద ధన్‌సింగ్, ఆయన భార్య లాలి కూర్చుని ఉన్నారు. మర్నాడే ఆయనకు గుండె ఆపరేషన్. రిపోర్టు నాలుగింటిలోగా మా ల్యాబు మెయిల్ నుంచే చేరాలి, లేకపోతే మళ్లీ నెల దాకా తారీఖు దొరకదు. నేను కంగారులో అదే పాస్‌వర్డ్ పదిసార్లు కొట్టాను. దాంతో మెయిల్ తెరుచుకోవడమే మానేసింది.

"యుగేందరన్నా, జర పక్కకు జరుగు" అంది స్వరూప.

తప్పు పాస్‌వర్డ్‌ది కాదని పది నిమిషాల్లో కనిపెట్టింది. ప్రోగ్రాం పంపే మెయిళ్లకు మామూలు పాస్‌వర్డ్ ఇక పనికిరాదట. ముందు ఫోనుకొచ్చే అంకెలతో మనం మనమేనని రుజువు చేసుకోవాలి, తర్వాత ప్రోగ్రాం కోసం వేరే పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ఆ అంకెలు వెళ్లేది మా స్వీపర్ ఉప్పలమ్మ ఫోనుకు. ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ము మార్చే ఘనులం మేము; పదేళ్లుగా ఒకే నంబరున్నది ఆమెకే. ఆ రోజు సెలవు పెట్టి పత్తి ఏరడానికి పోయింది. స్వరూప ఫోన్ చేసి అంకెలడిగింది.

"చెప్ప. ఎవలడిగినా చెప్పద్దని నువ్వే నేర్పితివి."

"అవ్వా, నేను స్వరూపను!"

"గొంతులు గూడ దొంగలిస్తున్నరని నువ్వే అంటివి గద. మనిషిని జూస్తెనే చెప్త."

నాకు ఒళ్లు మండింది. స్వరూప మాత్రం నవ్వి, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని స్కూటీ ఎక్కింది.

లాలి గోడ గడియారం మీంచి చూపు తిప్పలేదు. మూడు నలభైకి నా ఫోన్ మోగింది. "చేను గట్టు మీద కూసొని పంపిన. ముట్టిందని జవాబు గూడ వచ్చిందన్నా."

లాలి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. పట్టుకోవలసినవి నా చేతులు కావు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

నెల తిరగకుండా ధన్‌సింగ్ తన కాళ్ల మీద నడిచి పరీక్షకొచ్చాడు. ఉప్పలమ్మ చీపురు పక్కనపెట్టి ఆయనకు కుర్చీ వేసింది. మెయిల్‌కు నా నంబరు పెట్టేద్దామా అని స్వరూపనడిగాను.

"వద్దన్నా, అవ్వదే ఉండనియ్యి. నాకే చెప్పలే, ఇంకెవలకు చెప్తది?"