ఒక్క బొటనవేలి పందెం

వారానికి మూడు ఉదయాలు కవిటి ఆసుపత్రి డయాలసిస్ గదిలో ఢిల్లీరావు ఎడమచేయి సూదులతో దిండు మీద పడుకుని ఉంటుంది. గొట్టంలో అతని నెత్తురు చుట్టు తిరిగి అతనికే చేరుతుంటే, కుడిచేతి ఫోన్‌లో బొమ్మకార్లు పందెంలో పరుగెడుతుంటాయి. పాతికేళ్లు సోంపేట రోడ్డు మీద ఆటో నడిపిన మనిషి, ఒక్క బొటనవేలికి లొంగే ఆట కోసం ఫోన్‌లో ఎన్నింటినో ఎక్కించి తీసేశాడు. "మరి దీన్నెందుకు ఉంచీసినావు బావా?" అంది పక్క మంచం నీలమ్మ. "ఇందులో ఎనకబడినోడికే బండిని ముందుకి ఎగరేసే పెద్ద రాకెట్టు ఇత్తారు," అన్నాడు ఢిల్లీరావు.

ఆ రోజు మొదటిసారి అతని బండి అందరికంటే ముందుంది. ఆఖరి మలుపులో, కొబ్బరితోటల మధ్య ఆటో తిప్పినట్టే ఒళ్లు వంగింది, రెండు చేతులూ హ్యాండిల్ కోసం లేచాయి. సూది కదిలి యంత్రం కూత పెట్టింది. నర్సు సౌజన్య పరుగున వచ్చి చేయి సరిచేసింది. "మళ్లీ కదిపితే ఫోను లాగేసుకుంటాను మావా!" ఈలోగా తెర మీద బండ్లన్నీ అతన్ని దాటిపోయాయి. "ఓడిపోనావా?" అని నవ్వింది నీలమ్మ. ఢిల్లీరావు అలసిన కళ్లు ఒకసారి మూసి తెరిచాడు. "ఉండు నీలమ్మా. ఇప్పుడు ఆఖరోణ్ని నేనే కదా." ఎడమచేతిని కదలకుండా పరిచి, రాకెట్టు దొరికే చోటికి బొటనవేలితో మెల్లగా బయలుదేరాడు.