వీరాంజనేయులుగారి తడి తువ్వాలు

వీరాంజనేయులుగారు స్నానం చేస్తారు. అందరూ చేసేదే కదా అనుకుంటున్నారంటే మీరు ఆయన్ని ఎరగరన్నమాట. పొద్దున ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకటి, సాయంత్రం కాఫీకి ముందు ఒకటి. శని, ఆదివారాల్లో ఎన్నో ఆయనకే తెలియదు. ఇంటి నుంచే పనిచేస్తూ, ఆఫీసు కాన్ఫరెన్స్ కాల్ మధ్యలో "ఫైవ్ మినిట్స్ ప్లీజ్" అని మాయమై, తల తుడుచుకుంటూ తిరిగొచ్చి, ఆపిన మాట దగ్గరే అందుకోగల మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామర్ అమెరికాలోని జార్జియా రాష్ట్రం మొత్తానికి ఆయనొక్కరే.

అది కూడా ఎప్పుడు? 2007లో. కమ్మింగ్ ఊరి పక్కనున్న లేక్ లేనియర్ ఎండిపోయి, పడవలు బురదలో కూర్చున్న ఏడాది. లాన్‌కి నీళ్లు పెడితే ఫైన్ వేస్తామని కౌంటీ అధికారులు చాటింపు వేశారు. కాలనీలో గడ్డి అంతా మాడి కొబ్బరిపీచు రంగుకి తిరిగింది. అలాంటి కరువులో పక్కింటి గోడ అవతల రోజుకు మూడుసార్లు నీళ్ల చప్పుడు వింటుంటే రఘువీర్‌కి ఒళ్లు మండేది.

"అన్నా, లేక్ లేనియర్ ఎండింది వానల్లేక గాదు. నీ వల్లనే," అన్నాడొకసారి డ్రైవ్‌వేలో పట్టుకుని.

"ఒక్క బకెట్టేనండీ రఘువీర్ గారూ! చెంబుతో పోసుకుంటాను. మీరు షవర్ కింద ఒక్కసారి నిలబడే నీళ్లతో నేను రెండు రోజులు గడిపేస్తానండీ."

"అసలు గిన్ని స్నానాలెందుకే?"

వీరాంజనేయులుగారు గొంతు తగ్గించి, గడ్డంతో పెరటి వైపు చూపించారు. "అదేనండీ. కంటపడిందండీ. మైల కదా మరి."

ఆయన చూపించింది శ్మశానాన్ని. ఆ కథ చెప్పకపోతే ముందుకెళ్లలేం.

కాలనీ పేరు పయనీర్ క్రీక్ ఎస్టేట్స్. అందులో వాగూ లేదు, ఎస్టేటూ లేదు. పయనీర్లు మాత్రం నిజంగానే ఉన్నారు. పదకొండు మంది. నూట అరవై ఏళ్ల క్రితం, చెరోకీ ఆదివాసులను వెళ్లగొట్టిన నేలలో వచ్చి దిగి, పత్తి వేసి, జ్వరాలొచ్చి పోయినవాళ్లు. వాళ్ల సమాధులు ఆరు ఇళ్ల పెరళ్లకు ఆనుకుని ఉన్నాయి. ఆ ఆరిళ్లూ కొన్నది మనవాళ్లే. ఎందుకంటే కాలనీ మొత్తంలో తూర్పు ముఖం ఉన్న ఇళ్లు ఆ ఆరే. హైదరాబాద్‌లో ఉన్న సిద్ధాంతిగారికి ఫోన్ చేసి, గడప దగ్గర దిక్సూచి పెట్టి, సింహద్వారం పక్కాగా చూసుకుని, ఒకరి మీద ఒకరు పోటీపడి సంతకాలు పెట్టారు. వెనక్కి వెళ్లి చూసినవాడు ఒక్కడూ లేడు. చూసినా మనిషెత్తు పిచ్చిమొక్కలే కనబడేవి. మొదటి చలికాలంలో ఆకులు రాలాక రాళ్లు బయటపడ్డాయి. రఘువీర్ భార్య ప్రణీత ఆ రోజు కేక పెట్టి వెనక కిటికీల బ్లైండ్స్ మూసేసింది. రెండేళ్లయినా మళ్లీ తియ్యలేదు. మిగతా నాలుగిళ్లదీ అదే వరస. ఆ ఆరింట్లో వెనక వైపు వెలుతురొచ్చే ఇల్లు వీరాంజనేయులుగారిది ఒక్కటే.

ఇళ్లమ్మిన ఏజెంటు మల్లికార్జునరావు కూడా మనవాడే. వారమంతా సాఫ్ట్‌వేర్ మేనేజరు, శని, ఆదివారాల్లో రియల్ ఎస్టేట్. "వెనక ఎవ్వడూ ఇల్లు కట్టడు, నాదీ గ్యారంటీ" అని అమ్మాడు. మాట తప్పలేదు పాపం. ఆ తర్వాత కాలనీ సంఘానికి, అంటే హెచ్ఓఏకి, అధ్యక్షుడయ్యాడు. రఘువీర్‌ని నిబంధనల కమిటీకి పెద్దని చేశాడు. కమిటీలో రఘువీర్ తప్ప ఇంకెవరూ లేరు.

పదవి రాగానే రఘువీర్‌కి దొరికిన మొట్టమొదటి నేరస్థుడు పక్కింటాయనే. స్నానం ఎన్నిసార్లు చేయాలో హెచ్ఓఏ పుస్తకంలో లేదు గానీ, ఆరుబయట బట్టలారేయకూడదని స్పష్టంగా ఉంది. వీరాంజనేయులుగారి వెనక డెక్ కటకటాల మీద ఎప్పుడు చూసినా ఒక ఎర్రగళ్ల తువ్వాలు, దాని పక్కన ఒక తడి లుంగీ. రఘువీర్ తన డెక్ మీదికి వెళ్లి, సమాధుల వైపు కళ్లు తిప్పకుండా తువ్వాలునే గురిచూసి, టక్కున ఫోటో తీసేవాడు. మూలన తేదీ నారింజ రంగు అంకెల్లో పడేది. దాన్ని ఉత్తరానికి జతచేసి, పక్కింటికే అయినా సరే, స్టాంపు అంటించి పోస్టు చేసేవాడు. రూలంటే రూలే.

మర్నాడు వీరాంజనేయులుగారు మొహమంతా నవ్వుతో ఎదురయ్యేవారు. "మీ ఉత్తరం అందిందండీ. ఫోటో మహా బాగా వచ్చింది. కాఫీ తాగుతారా?"

"అన్నా, గది వయొలేషన్ లెటర్. డ్రయర్‌ల వేసుకోరాదూ?"

"మా దమయంతి ఒప్పుకోదండీ. మైల బట్టలు మెషీన్‌లో వేస్తే మెషీన్‌ని కూడా స్నానం చేయించమంటుంది."

దమయంతిగారు ఆ ఉత్తరాలను ఒక్కటీ పారేయలేదు. ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, పెద్ద బైండర్‌లో వరసగా తగిలించారు. గ్రీన్ కార్డ్ కోసం పదకొండేళ్లు ఎదురుచూసిన ఇల్లాలు ఆవిడ. ఏ కాగితం ఎప్పుడు ఎవరడుగుతారోనని పచారీ కొట్టు రసీదులు కూడా దాస్తారు.

ఇదిలా ఉండగా రఘువీర్ ఇంట్లో దయ్యం పడింది.

ఆదివారాలు రఘువీర్ పెరట్లో అతని పిల్లలూ, చుట్టుపక్కల మగాళ్లూ టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవారు. బంతి సమాధుల్లోకి పోతే అవుటు, బంతి మీద ఆశ వదులుకోవాల్సిందే. వెళ్లి తెచ్చే మాట అటుంచి, అటు కన్నెత్తి చూసే మగాడే ఆ గుంపులో లేడు. కానీ మర్నాటి పొద్దున ఆ బంతి రఘువీర్ గుమ్మం ముందు ఉండేది. తడిగా.

"వాన లేదు, మంచు లేదు. బంతి ఎట్లా తడిసింది రఘూ? ఎవరు తెచ్చి పెట్టారు?" అంది ప్రణీత.

"ఏ కుక్కో తెచ్చి ఉంటది."

"కుక్క కడిగి పెడుతుందా? ఇల్లమ్మేద్దాం. లేదంటే వాళ్లనైనా పంపించెయ్."

ఇల్లు కొనేవాడేడీ? అసలే ధరలు పడిపోతున్నాయి. కాబట్టి పయనీర్లే వెళ్లాలని సంఘం తీర్మానించింది. సమాధుల్ని ఊరవతల చర్చి స్థలానికి తరలించి, ఆ చోట క్రికెట్ నెట్ కట్టాలని ప్లాను. మల్లికార్జునరావు కళ్లలో కొత్త ధరలు మెరిశాయి. వీరాంజనేయులుగారు మాత్రం సంతకం పెట్టలేదు. "నాకెందుకండీ, స్నానాలకి అలవాటు పడిపోయాను" అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు.

ఇక్కడి చట్టం తమాషాగా ఉంటుంది. బతికున్నవాణ్ణి ఉద్యోగంలోంచి కదపడానికి ఒక ఈమెయిల్ చాలు. ఎప్పుడో పోయినవాణ్ణి సమాధిలోంచి కదపాలంటే సర్వే చేయించాలి, పురావస్తు నిపుణుణ్ణి తేవాలి, వారసుల కోసం గాలించాలి, పేపర్లో ప్రకటన వేయాలి, బహిరంగ విచారణ జరగాలి, ఆ పైన కౌంటీ పర్మిట్ ఇవ్వాలి. వారసులెవరూ దొరకలేదు. ఇక తేలాల్సింది ఒక్కటే. అది దిక్కూమొక్కూ లేకుండా పాడుబడ్డ శ్మశానమని రుజువైతే పర్మిట్ సులువుగా వచ్చేస్తుంది. సంఘం లాయరు ఇళ్లు కొన్న కొత్తలో తీసిన పిచ్చిమొక్కల ఫోటోలు జతచేసి దరఖాస్తు పెట్టాడు.

అక్టోబరులో విచారణ. కౌంటీ బోర్డు అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ. ముందురోజే వెళ్లి స్థలం చూసొచ్చానని చెప్పింది. "ఇక్కడ అడవి అని రాశారు. నాకు మా ఇంటి ముందుకన్నా శుభ్రంగా కనబడింది. కంచె బాగుచేసి ఉంది. పడ్డ రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఎవరు చేశారు?"

రఘువీర్ మల్లికార్జునరావు మొహం చూశాడు. మల్లికార్జునరావు లాయరు మొహం చూశాడు. లాయరు తడుముకోకుండా, విచారణ ఉందని తెలిసి ఎవరో పోయిన వారమే శుభ్రం చేయించి ఉంటారన్నాడు.

వెనక వరసలోంచి వీరాంజనేయులుగారు లేచారు. తల ఇంకా తడిగానే ఉంది. "నేనేనండీ," అన్నారు ఇంగ్లీషులో, ఆ 'అండీ'ని మాత్రం వదల్లేక.

"మీరు వారసులా?"

"కాదండీ. పక్కింటివాణ్ణి."

"ఎప్పట్నుంచి చేస్తున్నారు? రుజువేమైనా ఉందా?"

ఆయన భార్య వైపు తిరిగారు. అప్పుడు దమయంతిగారు బరువుగా లేచి, బైండర్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టారు. "మా దగ్గర కాగితాలున్నాయి మేడమ్. ఎయిటీ త్రీ."

పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని కవర్లు తిప్పింది. ముందు పెదవి బిగపట్టింది. తర్వాత ఆగలేక నవ్వేసింది. ప్రతి ఫోటోలో ముందు ఒక ఎర్రగళ్ల తువ్వాలు. దాని వెనక సమాధులు. 2006 మార్చిలో మొక్కల మధ్య రాళ్లు సరిగా కనబడలేదు. ఏప్రిల్లో సగం కొట్టేసి ఉన్నాయి. జూన్‌లో ఒక రాయి లేచి నిలబడింది, ఆగస్టులో ఇంకొకటి. కిందటి చలికాలం కంచెకి కొత్త పలకలు వచ్చాయి. ప్రతిదానికీ మూలన తేదీ, అడుగున సంతకం.

"రఘువీర్ ఎవరు?"

రఘువీర్ లేచాడు.

"ఈ ఫోటోలు మీరే తీశారా? తేదీలు సరైనవేనా?"

మల్లికార్జునరావు బల్లకింద కాలు తొక్కాడు. "కెమెరాలో డేట్ సెట్ చెయ్యలేదని చెప్పవయ్యా," అన్నాడు పళ్ల మధ్య నుంచి తెలుగులో. అవతల ప్రణీత చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ ఒక్క అబద్ధం ఆడితే ఇల్లు అమ్ముడుపోతుంది, కిటికీలు తెరుచుకుంటాయి, ఇంట్లో నిద్ర ఉంటుంది.

రఘువీర్ ముందుకెళ్లి బైండర్ మీదికి వంగాడు. తను తీసిన ఫోటోల్లో తువ్వాలు కాకుండా ఇంకోటి చూడటం అతనికి అదే మొదటిసారి. అరవై ఒకటో ఉత్తరంలో, డెక్ మెట్ల పక్కన ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంది. అందులో నీళ్లు. నీళ్లలో మూడు పచ్చటి టెన్నిస్ బంతులు తేలుతున్నాయి.

వాటికి కూడా స్నానం చేయించాడు మహానుభావుడు! శ్మశానంలో పడ్డ బంతి పిల్లలున్న ఇంటికి అలాగే ఇవ్వకూడదని కడిగి, చప్పుడు కాకుండా గుమ్మంలో పెట్టి వెళ్లాడు. ఇంతకాలం తమ ఇంటికొచ్చిన దయ్యం ఎర్రగళ్ల తువ్వాలు కట్టుకుని పక్కింట్లోనే కాఫీ తాగుతోంది. రఘువీర్‌కి సిగ్గేసింది. నవ్వూ వచ్చింది.

"తేదీలు కరెక్టే మేడమ్," అన్నాడు. "నేను తేదీ తప్పు వేయను."

పర్మిట్ రాలేదు. పార్కింగ్ లాట్‌లో మల్లికార్జునరావు ఒంటికాలి మీద లేచి, అందర్నీ తిట్టి, కారు తలుపు విసురుగా వేసుకుని వెళ్లిపోయాడు.

"మొదటే చెప్పొచ్చు గదా అన్నా," అన్నాడు రఘువీర్. "చూస్తేనే మైల అని గీ పిచ్చి వేషమెందుకు?"

దమయంతిగారు జవాబు చెప్పారు, ప్రణీత వైపు చూసి. "రోజుకి మూడుసార్లు శ్మశానానికి వెళ్లొచ్చే మనిషి భార్యనని తెలిస్తే, నన్ను నీ వరలక్ష్మీ వ్రతానికి పిలిచేదానివా అమ్మా?"

ప్రణీత హ్యాండ్‌బ్యాగ్‌లో కారు తాళాలు వెతకడం మొదలెట్టింది.

"నన్ను చూసి నవ్వుకుంటే పోయేదేముందండీ," అన్నారు వీరాంజనేయులుగారు. "ఆ మూలరాయి మీద మార్తా అని ఒకావిడండీ. ఇరవై మూడేళ్లు. వాళ్లేం మహాత్ములని నేననను గానీ, ఊరుగాని ఊరొచ్చి పోయిందండీ. మనం వాళ్ల పెరట్లోకి వచ్చి ఇల్లు కట్టుకున్నాం. ఓసారి పలకరించకపోతే ఏం బాగుంటుంది చెప్పండి?"

పై శనివారం పొద్దున ప్రణీత వెనక బ్లైండ్స్ ఒక్క జానెడు పైకెత్తి చూసింది. కంచె లోపల వీరాంజనేయులుగారు గడ్డి పీకుతున్నారు. పక్కన ఇంకొకాయన గడ్డి కోసే మెషీన్ స్టార్ట్ చేయడం రాక కుస్తీ పడుతున్నాడు. ఆవిడ మొగుడే. గంట తర్వాత అతను బేస్‌మెంట్ తలుపు దగ్గరికి రాగానే లోపల్నుంచి గడియ పడింది.

"అక్కడే ఆగు! బకెట్ బయట పెట్టాను. స్నానం చేసి రా."

"చలిగుందే ప్రణీతా!"

"వేణ్ణీళ్లే పోశాను. బట్టలు మాత్రం నా మెషీన్‌లో వేశావో..."

ఆ సాయంత్రం రఘువీర్ తన డెక్ కటకటాల మీద ఆరేసిన నీలం తువ్వాలుని కాసేపు చూశాడు. లోపలికెళ్లి కెమెరా తెచ్చాడు. ఫోటో తీశాడు. ఎనభై నాలుగో ఉత్తరం రాసి, సంతకం పెట్టి, స్టాంపు అంటించి, తన పేరుకే పోస్టు చేశాడు. ఆ ఫోటోలో తువ్వాలు సరిగ్గా పడలేదు, ఒక మూలకి జరిగిపోయింది. మధ్యలో మాత్రం కంచె పక్కన వీరాంజనేయులుగారు, ఒక చేత్తో బంతి పట్టుకుని రెండో చెయ్యి ఊపుతూ, చాలా స్పష్టంగా వచ్చారు.