గవరయ్య మామ ఇటుక

మా గవరయ్య మామ వరసలో ఇటుక పెడితే దాన్ని దాటడానికి గంగలో ఓడ కూడా జంకేది. నా మాటల్లో సగం కోతలే, ఒప్పుకుంటాను. మిగతా సగానికి కిద్దర్‌పూర్ డాక్‌లో పనిచేసే మా తెలుగు కూలీలంతా సాక్షులు. కిరసనాయిలు దుకాణంలోనైనా, సర్కారు ఆసుపత్రిలోనైనా మనిషికి బదులు ఇటుక పెట్టడం మా బస్తీ ఆచారం. దాన్ని ఎవరూ కదపరు. ఒకరి ఇటుక జరిపినవాడితో మామ మాట్లాడేవాడే కాదు.

ఒక వానాకాలం మామ భార్య అమ్మన్నమ్మత్తకు ఆయాసం ముదిరింది. ఒకరోజు సర్కారు ఆసుపత్రిలో వాళ్ల వంతు రాకముందే చీటీల కిటికీ మూసేశారు. సాయంత్రం మామ ఆమెను భవానీపూర్‌లో ఒక బెంగాలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. గుమ్మం పక్కన ఇటుక పెట్టి, ఎదురరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు.

"లోపలికెల్లి పేరు సెప్పవేటి?" అంది అత్త రొప్పుతూ.

"మన ఇటుకుంది కదేటే! ఆల్లే పిలుస్తారు."

వచ్చినవాళ్లంతా ఇటుకను దాటి లోపలికెళ్లారు. చివరికి కాంపౌండరు తలుపుకు తాళం వేస్తుంటే మామ పరిగెత్తాడు.

"దాదా, మా లైను!"

"పేరు రాయించావా? డాక్టర్‌బాబు వెళ్లిపోయారు. రేపు రా" అన్నాడతను బెంగాలీలో.

అత్త తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి చాలలేదు.

తెల్లారి ఆమెను వీపున మోసుకుని ఆసుపత్రికెళ్లేసరికి, కిటికీ ముందు అప్పటికే ఇటుకలు బారు తీరి ఉన్నాయి. మామ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మొదటి ఇటుకను కాలితో పక్కకు తోసి, ఆ చోట అత్తను కూర్చోబెట్టాడు.